కొక్కెం లేని కారు

మా పక్కింటి పెద్దోడిది మాంసం కొట్టు. కొట్టులో ఎంత నెమ్మదో ఇంట్లో అంత ఉగ్రం. కోపం వస్తే గోడని గుద్దేవాడు. ఆ గోడ మా ఇద్దరి ఇళ్ళకీ ఉమ్మడి కావడంతో, వాడికి ఎప్పుడు తిక్కరేగిందో మా అటక మీది గిన్నెలకి ముందు తెలిసేది. ఒకసారి వాడు గుద్దిన గుద్దుకి మా ఇల్లు జానెడు పక్కకి జరిగింది. నమ్మనివాళ్ళు టేపు తెచ్చి కొలుచుకోవచ్చు.

వాడి తండ్రి పోతూ పోతూ పెరట్లో ఒక పాత కారు వదిలివెళ్ళాడు. ఒకప్పుడు వీధిలోకి వస్తే జనం పక్కకి తప్పుకుని చూసిన కారు. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, వానకి నానిన దాన్ని తుప్పు చెదపురుగులా తినేసింది. తలుపు లాగితే తలుపే చేతికొచ్చేది.

ఆ కారంటే పెద్దోడికి ప్రాణం. చిన్నప్పుడు తండ్రి పక్కన ముందు సీట్లో దర్జాగా కూర్చున్నవాడు మరి. క్రేను డ్రైవరైన వాడి తమ్ముడు చిన్నోడికి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్ళు మంట. తాళం తిప్పితే ఆ కారు ఏనాడూ కదిలింది లేదు. రోజూ పొద్దున్నే వెనకనుంచి తోసింది చిన్నోడే. తోపు చాలకపోతే తండ్రి దిగివచ్చి వాడి చెంప వాయించేవాడు.

"దాన్ని తుక్కువాడికి తోలెయ్, అన్నయ్యా. అది కనపడితే నాకిప్పటికీ చెవిలో గుయ్యిమంటోంది."

"దాని మీద చెయ్యేశావో, ఆ చెయ్యి కొట్టులో వేలాడుతుంది."

"ఏదీ, వేలాడదియ్, చూస్తాను!"

ఇద్దరూ కలబడ్డారు. చిన్నోడి పెదవి చిట్లింది, పెద్దోడి పన్ను ఒకటి ఊడి మట్టిలో పడింది. వాళ్ళమ్మ బకెట్టెడు నీళ్ళు ఇద్దరి మీదా కుమ్మరించి, ఆ ఖాళీ బకెట్టుతోనే ఇద్దరి వీపులూ విమానం మోత మోగించి, తీర్పు చెప్పింది.

"వానలు పడేలోపు అది తనంతట తాను గేటు దాటిందా, పెద్దోడిది. దాటలేదా, తుక్కువాడిది. మళ్ళీ ఎవడైనా చెయ్యెత్తితే వాడికి నా చేతి కూడు లేదు."

కారుని షెడ్డుకి పంపే స్తోమత పెద్దోడికి లేదు. పాత నూనె డబ్బాలు చీల్చి రేకు తీశాడు. పాడైపోయిన ఫ్రిజ్‌కి తోలు ఒలిచినట్టు తలుపు ఒలిచాడు. వెల్డింగు మిషను ఎక్కడో అరువు తెచ్చాడు. సాయంత్రం కొట్టు మూయగానే పెరట్లో రేకు కోసే గ్రైండరు అరుపులు, సుత్తి మోతలు, వాడి బూతులు మొదలయ్యేవి. ఎగిరే నిప్పురవ్వలు చూస్తుంటే, చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ వర్ణించిన నరకం మా గోడకవతలే తెరిచారనిపించేది. కనుబొమలు కాలిపోయాయి. కొట్టులో కత్తికి ఏనాడూ తెగని చేతులు తుప్పు రేకుకి అడ్డంగా తెగాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ బాదేవాడు. అలా బాది బాది, పైకప్పునీ, ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న రెండు కమ్మీలనీ కొత్తవాటిలా నిలబెట్టాడు. వాటిని మాత్రం తుడుచుకున్న చేత్తోనే ముట్టుకునేవాడు.

ఇక మిగిలింది కారు అడుగు. తలుపుల కింద, బండి పొడవునా రెండు వైపులా రేకు దూలాలుంటాయి. నడుం నిలిపేవి అవే. అవి పూర్తిగా కుళ్ళిపోయాయి. తెలిసినవాడైతే బండికి లోపల అడ్డకమ్మీలు కట్టి, ముందు ఒకటి కోసి, అది అతికాక రెండోది కోస్తాడు. మనవాడు మాంసం కొట్టేవాడు. చెడిన భాగం కనపడితే ఆలోచించకుండా రెండు వైపులా కోసి పారేయడం వాడికి అలవాటు. కొట్టులో ఎంత కోసినా మిగతాది కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది. కారుకి కొక్కెం లేదన్న సంగతి వాడికి తట్టలేదు. ముందు ఇటుకలు, వెనక ఇటుకలు పేర్చి, రెండు దూలాలూ ఒకే పూట కోసేశాడు.

సరిగ్గా అప్పుడే మబ్బు పట్టి, నాలుగు చుక్కలు రాలాయి. చిన్నోడు సమ్మెట భుజాన వేసుకుని గేటు తన్నుకుంటూ వచ్చాడు.

"వానొచ్చింది! జరుగు!"

"ఇది వానా? కాకి ఏడిస్తే ఇంతకంటే ఎక్కువ తడుస్తుంది!"

"తడిసిందా లేదా? తడిస్తే వానే!"

వాడు అన్నని ఒక్క తోపు తోసి, కారెక్కి, డ్రైవరు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద సమ్మెట దించాడు. రెండో దెబ్బకి కారు నడుం విరిగింది. మధ్యలో కిందికి కుంగి, పుస్తకం మూసినట్టు మూసుకుంది. తలుపులు బిగుసుకున్నాయి. స్టీరింగు వచ్చి చిన్నోడి రొమ్ముని సీటుకి అదిమేసింది. వాడి నోట్లోంచి మాటకి బదులు గురక వచ్చింది.

పెద్దోడు జాకీ తెచ్చి అడుగున పెట్టి ఎత్తాడు. అది తుప్పు రేకుని చీల్చుకుని లోపలికి పోయిందే గానీ బండి లేవలేదు. దారి ఒక్కటే ఉంది. అద్దం పక్కనున్న ఆ రెండు కమ్మీలూ కోసి, ముందు భాగాన్ని విడదీయాలి. అవి తెగితే ఆ కారు ఇక కారు కాదు. గ్రైండరు చేతిలో తిరుగుతోంది, వాడు కమ్మీ వంక చూస్తూ నిలబడిపోయాడు.

"దేనివంక చూస్తున్నావురా? వాడి మొహం చూడు!" అంది తల్లి.

చిన్నోడి మొహం నల్లబడుతోంది. పెద్దోడు జంతువులా అరిచి, కమ్మీ మీద గ్రైండరు పెట్టాడు. ఒకటి తెగింది. రెండోది సగం తెగేసరికి గ్రైండరు బిళ్ళ పగిలి, ముక్క వాడి బుగ్గని చీల్చింది. నెత్తురు తుడుచుకోకుండా మిగతా సగాన్ని తమ్ముడి సమ్మెటతోనే విరగ్గొట్టాడు. ముందు భాగం ధడేలుమని ఊడిపడింది. తమ్ముణ్ణి కాలర్ పట్టి బయటికి ఈడ్చి, ఊపిరి ఆడుతోందని తెలిశాక ఒక్కటిచ్చాడు.

మర్నాడు తుక్కువాడు గునపంతో వచ్చాడు. పెద్దోడు వాణ్ణి పక్కకి నెట్టి, తానే కీలు కీలుకీ విడదీయడం మొదలుపెట్టాడు. మోటుగా విరవనివ్వలేదు. పక్కటెముకలకి కట్టు కట్టించుకుని చిన్నోడు పెరట్లోనే మంచం మీంచి చూస్తున్నాడు.

"రెండు దూలాలూ ఒకేసారి ఎవడైనా కోస్తాడా? క్రేను నడిపేవాణ్ణి, నన్నడిగితే నడుముకి తాడేసి పట్టుకునేవాణ్ణి కదా!"

"నిన్నడగాలా? నిన్ను?"

పెద్దోడి చేతిలో అప్పుడు స్టీరింగు ఉంది. విసిరాడు. చిన్నోడు తల వంచాడు. అది గోడ దాటి వచ్చి మా నీళ్ళ తొట్లో పడింది.

"బాబాయ్, అది నాది, ఇటివ్వు!"

"నాది బాబాయ్! నా రొమ్ము మీద అచ్చుందిగా!"

ఎవరికిచ్చినా రెండోవాడు గోడ దూకుతాడు. ఇటేమీ రాలేదన్నాను.