గట్టు మీద గంగాధరం

గంగాధరానికి పొద్దున కాఫీ లేకపోయినా గడిచేది గానీ, గట్టు తగాదా లేకపోతే గడిచేది కాదు. నిమ్మనపల్లె పక్క పల్లెలో ఆరెకరాల రైతు. కోడి కూయగానే తలగుడ్డ చుట్టి, పొరుగు చేను బాలప్పకూ తనకూ నడుమనున్న గట్టెక్కి నిలబడేవాడు.

"ఒరే బాలప్పా, రేత్రికి రేత్రి గట్టు జానెడు జరిపినావు గదరా."

"నేను నిద్రపోతాంటి సామీ. గట్టే దొర్లుకొని వచ్చిందేమో."

"దానికేమన్నా కాళ్లుండాయా?"

"మీ నోటికి బయపడి మొలిసింటాయి."

మనవరాలు సుప్రజకు ఇదే సుప్రభాతం. తాత గొంతు తగ్గిందంటే మదనపల్లె కాలేజీ బస్సు వచ్చే వేళయినట్టు. టమాటా మండీలో వేలం వేసేవాళ్లు ఆ గొంతును అద్దెకడిగారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. ఒకసారి జ్వరమొస్తే మంచాన్నే గట్టు దగ్గరికి మోయించుకున్నాడు. బాలప్ప తిరుపతికి పోయిన మూడు రోజులూ అన్నం సయించలేదు.

2003లో కొడుకు ముద్దుకృష్ణకు ఓపిక అయిపోయింది. "నీ జానెడు సంగతి తేల్చేస్తా నాయనా" అని సర్వేకు అర్జీ పెట్టాడు. పన్నెండేళ్లు గొంతు చించుకున్న మనిషి ముఖం ఆ మాటకు మాడిపోయింది.

సర్వేయరు వచ్చిన రోజు గంగాధరం ఆయనకు నాటుకోడి, సంగటి పెట్టించి మంచమెక్కించాడు. లేచాక మజ్జిగ. మజ్జిగయ్యాక చూస్తే కొలత గొలుసు లేదు. వెతికి వెతికి సుప్రజే గడ్డివామిలోంచి లాగింది.

"దీన్ని ఈడ ఎవురు పెట్టినారు తాతా?"

"ఎద్దు పెట్టింటాది."

కొలిచారు. గట్టు జరిగిన మాట నిజమే. జానెడు కాదు, ఎనిమిది బారలు. అదీ గంగాధరం చేలోకి. ఆ ఎనిమిది బారల నడుమే ఉంది బాలప్ప బావి. అతని టమాటా చేనంతా ఆ నీళ్ల మీదే బతుకుతోంది.

అప్పట్లో సర్కారు పేదలకు పట్టాలిచ్చిన రోజున అధికారి జీపు దిగకుండానే "అదిగో, ఆ పక్కంతా మీది" అని చేయి చూపాడు. కాగితం మీద భూమి ఇచ్చారు గానీ హద్దు రాయి పాతలేదు, నీళ్ల సంగతి అసలే అడగలేదు. చేయి చూపిన చోట బాలప్ప, పెండ్లాం పూలమ్మ బావి తవ్వుకున్నారు.

"నాలుగు నెలలు తట్ట మోసినాను సామీ" అంది పూలమ్మ, బావి ఒరను పట్టుకుని. "నా నడుమునడగండి."

"నాయనా, నీకు తెలుసా?" అన్నాడు ముద్దుకృష్ణ.

"నీళ్లు పడినాక సూసినాను. ముందే సూసింటే ఆపేవాణ్ణేమో. పడిన నీళ్లను పూడ్సమని సెప్పే నోరు యాడ తెద్దును? గట్టు ఇవతలికి నేనే ఏసినా."

"మరి దినామూ ఈ అరుపులు యాల తాతా?" అంది సుప్రజ.

"మన చేన్లో ఉండాదని దాయాదులకు తెలిస్తే బాయి ఉండనిస్తారా పాపా? జానెడు కోసం కొట్టుకునేవాడు ఎనిమిది బారలు ఇడిసిపెట్టినాడని ఎవుడనుకుంటాడు?"

ఇక తెలిసిపోయింది కాబట్టి రాసివ్వక తప్పలేదు. తర్వాతి వారం అందరూ మదనపల్లె రిజిస్ట్రారాఫీసుకు పోయారు. గుమాస్తా పెన్ను తీసి, "దానం పుచ్చుకునే బాలప్ప మీకేమవుతాడు?" అనడిగాడు.

"సుట్టమని రాసుకో."

గుమాస్తా బాలప్ప పట్టాలో రాసిన కులం చూశాడు, గంగాధరాన్ని చూశాడు. పెన్ను కదల్లేదు.

పూలమ్మ అందుకుంది. "సుట్టాలమైతే సంతోషమే సామీ. ఇన్నేండ్లలో మీ గడప లోపల ఎట్లుంటాదో సూడని సుట్టాలు యాడన్నా ఉంటారా?"

గంగాధరం తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ మాట ఆయనకు ముందే తట్టాల్సింది. తట్టలేదు.

"పాపా," అన్నాడు, "మీ అవ్వకు ఫోన్ చెయ్యి. అయిదాకులు ఎయ్యమను. ఒకే వరసలో."

ఆ మధ్యాహ్నం నడవలో అయిదాకులూ పరిచింది నాగరత్నమ్మ. పూలమ్మ పులుసు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఉప్పు సాల్లే" అంది.

బాలప్ప బిక్కచచ్చిపోయాడు. నాగరత్నమ్మ ఉప్పు గిన్నె తెచ్చి ఆకు పక్కన పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"సుట్టమే. పెట్టింది తింటా వంక పెడతాండాది సూడు."