వంకాయకు ముందస్తు సంతాపం

నా కలం పోటుకు ప్రభుత్వాలేవీ పడిపోలేదు. కనీసం ఒక కార్పొరేటర్ కూడా కుర్చీలో ఇబ్బందిగా కదల్లేదు. ఏడు వంకాయ మొలకలు మాత్రం పోయాయి. ఆ ఘనకార్యం చెప్పకపోతే మీరు నన్ను మంచి విలేకరి అనుకునే ప్రమాదం ఉంది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా జరిగే ధర్నాలన్నీ నా వంతు. ఏది చూసినా నాకు ఉద్యమ కోణమే కనిపించేది. టీ చల్లారినా దాని వెనక ఎవరున్నారా అని ఆలోచించేవాణ్ని.

ఎల్బీనగర్‌లో ఒక మేడ మీద చిన్న ప్రయోగశాల ఉండేది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన స్వరూప అక్కడ వంకాయ మీద పరిశోధన చేసేది. ఆకు ముక్కల్లోకి నీటి ఎద్దడిని తట్టుకునే జన్యువును ఎక్కించి, సీసాల్లో పెట్టి మొలిపించడం ఆమె పని. ఆ మొలకలే ఆమె డాక్టరేట్. ఓ ధర్నా ముగించుకుని, వార్త దొరుకుతుందేమోనని నేను వెళ్లేసరికి సీసాల్లో దాదాపు అన్ని ముక్కలూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఇవన్నీ చచ్చిపోతున్నాయి కదమ్మా?"

"అవునన్నా. సావాలె. గట్లయితెనే మంచిది," అంది మాస్కు వెనక నుంచి.

"కరెంటు పోతోందా?"

"రోజూ పోతనే ఉంటది."

ఇంకొక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. కానీ బంద్‌కు బస్సులు ఆగిపోయే వేళయింది, పైగా శీర్షిక అప్పటికే తయారైపోయింది. మర్నాడు పేపర్లో 'కోతలకు బలైన వంకాయ' అచ్చయింది. 'చావడమే మంచిదని పరిశోధకురాలు గద్గద స్వరంతో అన్నారు' అని కూడా రాశాను. మాస్కు వెనక నుంచి వచ్చే గొంతు ఎవరిదైనా గద్గదంగానే ఉంటుందని నాకప్పుడు తెలియదు.

పొద్దున్నే స్వరూప ఫోన్ చేసింది.

"ఏం రాసిన్రన్నా? సీసల మందు కలిపినం. జన్యువు ఎక్కని ముక్కలు దానికి సస్తయ్, ఎక్కినయి పచ్చగుంటయ్. ఏడు పచ్చగ మొలిచినయ్. నా పని మంచిగైంది."

"సవరణ వేయిస్తానమ్మా."

"అది తర్వాత సంగతి. మీ పేపర్ చూసి జనం ఒస్తున్నరు. జర మీరొచ్చి ఆపుండ్రి."

పరుగెత్తాను. చేతులు కడుక్కోకుండా ఈగ కూడా రాకూడని సీసాల గదిలోకి అప్పటికే పదిమంది చెప్పులతో వచ్చేశారు. ముందు కాలనీ ఉద్యమ నాయకుడు యాదగిరి, ఆయన పక్కన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కాలనీ సంఘం అధ్యక్షుడు సుబ్బారావు గారు.

"కోతలతోనే సచ్చినయ్. ఎవల పాపమో అందరికి ఎరుకే," అన్నాడు యాదగిరి.

"కోతలు కాదండీ. బంద్ పెడితే వీటికి నీళ్లెవరు పోస్తారు?" అన్నారు సుబ్బారావు గారు.

"నీళ్లు లేవని మీరు చూసిన్రా?"

"చూద్దాం రండి." ఆయన ఒక పచ్చని సీసా మూత తీశారు.

"అరె, దీనికింక పానమున్నది. గాలాడక పరేషానైతున్నట్టుంది," అంటూ యాదగిరి పక్క సీసా తెరిచాడు.

"నిజమేనండీ, గాలి తగలాలి."

రాష్ట్రం మీద కుదరని ఏకాభిప్రాయం గాలి మీద కుదిరింది. ఇద్దరూ కలిసి పచ్చని సీసాలన్నీ తెరిచేశారు. "మూతలు తియ్యకుండ్రి, బూజు పడ్తది," అని జనం వెనక నుంచి స్వరూప మొత్తుకుంటోంది. ఆపడానికి వచ్చిన నేను ఏం చేస్తున్నానంటారా? అలవాటు కొద్దీ ఇద్దరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

మూడో రోజు 'వంకాయ క్షేమం' అన్న సవరణ రాసుకుని స్వరూప దగ్గరికి వెళ్లాను. ఏడు సీసాల్లోనూ బూజు దూదిలా పొంగి ఉంది. ఆమె నా కాగితం చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది.

"గిది ఎయ్యకుండ్రన్నా, తప్పయితది. మీ మొదటి వార్తనే కరెక్టు. మూడు రోజులు ముందుగాల రాసిన్రు, గంతే."

ఆమె మళ్లీ విత్తనం నుంచి మొదలుపెట్టి, ఏడాది ఆలస్యంగా డాక్టరేట్ తెచ్చుకుంది. నేను మాత్రం ఆ రోజే ఎల్బీనగర్ చౌరస్తాలో, ఆగిపోయిన బస్సుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: దగ్గరివాళ్లను రెండోసారి అడగకుండా ఏ కూరగాయ మరణవార్తా రాయను. నేటికీ వంకాయ కూర వడ్డిస్తే, అది నిజంగానే పోయిందని మా ఆవిడ ధ్రువీకరించాకే ముద్ద కలుపుతాను.