ఇంటిపేరు కొడితే అందరూ దొరికారు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నేను రాసిన ప్రోగ్రాం పనిచేస్తే అది నా ప్రతిభ, పనిచేయకపోతే కంప్యూటర్ ఖర్మ. ఆ నమ్మకంతోనే తెనాలి నుంచి నోయిడా వచ్చి, ఇందిరాపురంలో మరో ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో దిగి, ఆఫీసు క్యాబ్‌లో కునికిపాట్లు పడుతూ ఆరు నెలల ప్రొబేషన్‌లో ఐదు నెలలు లాగించేశాను. హిందీ మాత్రం ఒంటబట్టలేదు. ఆటోవాడితో 'భయ్యా', కూరగాయలవాడితో 'అచ్ఛా' (వాడు ఏం చెప్పినా అచ్ఛాయే), అక్కడితో నా పాండిత్యం సరి. మా టీమ్ లీడు దేనికైనా 'ఠీక్ హై' అనేవాడు కాబట్టి ఆయన్ని మేం చాటుగా ఠీక్ హై సార్ అనుకునేవాళ్లం. అందులో మెచ్చుకోలు ఎంతో, చీవాట్లు ఎంతో ఆయన కనుబొమ్మలు చూసి తెలుసుకోవాలి. ఒకరోజు ఆ కనుబొమ్మలు రెండూ పైకి లేపి, మేం ప్రోగ్రాం రాసిస్తున్న ఆస్పత్రివాళ్లకి డెమో నన్నే ఇమ్మన్నాడు. అది చూశాకే నన్ను పర్మనెంట్ చేసేదీ లేనిదీ తేలుస్తాడట. తేడా వస్తే తిరుగు రైలే. అక్కడేమో మా అమ్మ 'మావాడు ఢిల్లీలో పెద్ద ఇంజనీరు' అని అప్పటికే వీధంతా చాటేసి కూర్చుంది.

మేం చేస్తున్నది నర్సుల డ్యూటీ పట్టిక. పైన అంతస్తు, దాని కింద వార్డు, వార్డు కింద నర్సుల పేర్లు. వరుస పక్కనున్న బాణం నొక్కితే కిందివి తెరుచుకుంటాయి. దీన్ని మావాళ్లు ట్రీ గ్రిడ్ అంటారు. పైనున్న సెర్చ్ పెట్టెలో పేరు కొడితే ఆ పేరే మిగిలి తక్కినవి మాయమవ్వాలి. ఇదేం బ్రహ్మవిద్యా? ఒక్కో వరుసనీ చూడు, కొట్టిన మాట ఉంటే ఉంచు, లేకపోతే దాచెయ్. మధ్యాహ్నం టీ వేళకల్లా రాసిపారేశాను. పరీక్షిద్దామంటే ఆస్పత్రి పేర్లు ఇంకా రాలేదు. అందుకని మా వంశవృక్షమే ఎక్కించాను: పైన తాతయ్య, ఆయన కింద పెదనాన్న, నాన్న, బాబాయి, వాళ్ల కింద పిల్లలం. (తాతయ్యని అంతస్తునీ, నాన్నని వార్డునీ చేసినందుకు కాస్త గర్వం కూడా కలిగింది.) పోలికకి పక్కింటివాళ్లని కూడా కలిపాను. మన అలవాటు ప్రకారం అందరి పేర్లకూ ముందు ఇంటిపేరు పెట్టాను, సెర్చ్ పెట్టెలోనూ మా ఇంటిపేరే కొట్టాను. పక్కింటివాళ్లు బుద్ధిగా మాయమయ్యారు. మావాళ్లు తాతయ్య మొదలు చెల్లెలి దాకా ఒక్కరు తప్పిపోకుండా వచ్చి నిలబడ్డారు. ఠీక్ హై సార్ వచ్చి చూసి, 'బహుత్ బడీ ఫ్యామిలీ హై' అని మా కుటుంబం ఎంత పెద్దదో మెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఆస్పత్రి పేర్లు డెమో రోజు పొద్దున వస్తే, ఎక్కించేసి సార్‌తో కలిసి వెళ్లాను. అక్కడ మా పని చూడాల్సింది నర్సులందరికీ పెద్ద, మేట్రన్. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆవిడ. నేను మేడమ్ అనగానే, "ఆంటీ అను నాయనా, మేడమంటే ఇంకెవరినో పిలిచినట్టుంది" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "ఏదీ, ముందు నా పేరు కొట్టు చూద్దాం" అంది. కొట్టాను. తెర తెల్లగా, ఒక్క అక్షరం లేకుండా అయిపోయింది.

"అయ్యో ప్రభువా! పొద్దున్నే డ్యూటీకి వచ్చానే!" అంది ఆంటీ. పక్కనున్న నర్సు తన పేరు కొట్టి చూసి, "దీదీ, మై భీ గయీ!" అని, తనూ మాయమైనందుకు కిసుక్కున నవ్వింది. ఆంటీ ఇంకో నాలుగు పేర్లు చెప్పింది. నాలుగూ గాయబ్. "ఆస్పత్రి మొత్తం ఖాళీ చేయించావు కదయ్యా!"

"క్యా హువా?" అన్నాడు ఠీక్ హై సార్. కనుబొమ్మలు నెత్తి మీదికెక్కాయి. మీ ఆస్పత్రి నెట్ సరిగా లేదని తప్పించుకుందామనుకున్నాను. భయంలో ఇంగ్లీషు ముందే పారిపోయింది. హిందీలో కథ అల్లుదామంటే నెట్ అన్న మాట తప్ప తక్కిన సరుకేదీ నా దగ్గర లేదు. రోజూ ఆలస్యంగా వెళ్లి క్యాబ్ డ్రైవర్ భయ్యాకి చెప్పగా చెప్పగా నోటికొచ్చిన వాక్యం ఒక్కటుంది. అదే బయటికొచ్చింది. "గల్తీ మేరీ హై." తప్పు నాదే అని.

ఆంటీ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇటు చూడు నాయనా. చుట్టాలొచ్చి పేషెంటు పేరు చెబితే మేమేం చేస్తాం? ఫలానా అంతస్తు, ఫలానా వార్డు, ఫలానా మంచం అని చెబుతాం. వార్డుకి తాళమేసి లోపలున్న పేషెంటుని చూసుకోమంటే ఎట్టా?" అంది. అప్పుడు వెలిగింది నాకు. అంతస్తు వరుసలో ఆంటీ పేరు లేదు కాబట్టి నా ప్రోగ్రాం అంతస్తుని దాచేసింది. అది పోతూ పోతూ కిందున్న వార్డునీ, వార్డులోని ఆంటీనీ వెంటబెట్టుకుపోయింది. మా ఇంట్లో పైనున్నవాళ్లదీ కిందున్నవాళ్లదీ ఒకే ఇంటిపేరు కనక ఈ గండం బయటపడలేదు. వెతకడం కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కరు దొరికినా పైనున్న వార్డునీ అంతస్తునీ ఉంచాలి. అంతే. ఎంత తెలివితక్కువవాణ్ణో!

ఆంటీ ఠీక్ హై సార్ వైపు తిరిగింది. "ఔర్ కిసీకో మత్ భేజ్‌నా సార్. యహీ లడ్కా కరేగా." ఇంకెవర్నీ పంపొద్దు, ఈ కుర్రాడే చేస్తాడు అని. సార్ కనుబొమ్మలు మెల్లగా దిగాయి. "ఠీక్ హై" అన్నాడు.

వారంలో సరిచేసి తీసుకెళ్లాను. ఆంటీ ఒక్కొక్కరి పేరూ కొట్టించి, అందరూ తమ తమ వార్డుల్లో ఉన్నారని చూసుకుని సంతకం పెట్టింది. పర్మనెంట్ చేసిన కాగితం చేతికి రాగానే లడ్డూల డబ్బా పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆరోజు నన్నెందుకు కాపాడారని అడిగాను.

"తెలుగువాడివనుకున్నావా? అదేం కాదు. కొత్త పిల్లలెవరైనా తప్పు ముందు థర్మామీటర్ మీదికి నెడతారు, తరవాత పేషెంటు మీదికి. నువ్వు అంతమందిలో తప్పు నాదే అన్నావు. అట్టాంటివాడు బాగుపడతాడు" అంది, నా తల నిమురుతూ. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అసలు సంగతి చెప్పే ధైర్యం మాత్రం చాలలేదు. డబ్బా ముందుకు జరిపి ఊరుకున్నాను.

ఇప్పుడు నేనూ ఒక టీమ్‌కి లీడునే. హిందీ గడగడా వచ్చేసింది. నెట్ మీదా, సర్వర్ మీదా, అవసరమైతే ఢిల్లీ పొగమంచు మీదా ఎంత చక్కటి సాకులు అల్లుతానో చెప్పలేను. అల్లినప్పుడల్లా, భాష చాలక నిజం చెప్పేసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడంటే నాకిప్పటికీ ముద్దే. మొన్న ఒక మీటింగ్‌లో సాకు సగం దాకా వచ్చాక ఆగిపోయి, "గల్తీ మేరీ హై" అన్నాను. ఇంత హిందీ వచ్చాక కూడా, ఆ చిన్న వాక్యం దగ్గర నాలుగుసార్లు తడబడ్డాను.