ఒంటా, జతా

హోసూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆమెది డెంకణికోట వైపు, గొర్రెలు మేపే కుటుంబం. నా పీహెచ్‌డీ ఊసు ఇంట్లోవాళ్లే ఎత్తడం మానేసిన రోజుల్లో, దేని మీద చేస్తున్నారని ఆమె అడిగింది.

విసుగ్గానే బల్ల మీద నల్లవీ తెల్లవీ క్యారమ్ బిళ్ళలు వరసగా పేర్చాను. పక్కపక్క రెండూ వేరు రంగులైతే వాటి కింద నల్లది, ఒకే రంగైతే తెల్లది. వరస వరసకీ ఒక బిళ్ళ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగులుతుంది. పై వరసలో ఎడమ సగం ఆమెకి, కుడి సగం నాకు మాత్రమే కనిపిస్తే, ఆ చివరి బిళ్ళ రంగు తేల్చడానికి ఎన్ని మాటలు చెప్పుకోవాలి? ఆ మాటలు ఎంత ఎక్కువైతే ఆట అంత చిక్కు. కంప్యూటర్ తెర మీద ఇది మహా చిక్కుగా కనిపించింది. సగం వరసంతా చెప్పుకోక తప్పదని నిరూపించడానికి ఆరు నెలలుగా తంటాలు పడుతున్నాను.

ఆమె ఒక్కో బిళ్ళ తిప్పి, కింది వరసలు మళ్ళీ మళ్ళీ పేర్చి చూసింది.

"కొన్ని తిప్పితే కడాకు ఉండేది మారతాది సార్, కొన్ని తిప్పితే మారదు. పక్కనవి ఎట్లన్నా ఉండనీ. మారేవాటిలో మీ పక్క నల్లవి ఒంటా, జతా? ఆ ఒక్క మాట చెప్తే చాలు. మా దొడ్డికి రెండు వాకిండ్లు. మందంతా సరి జతలే. మా అమ్మ ఆడ, నేను ఈడ జతలుగా లెక్కబెడతాం. ఇద్దరికీ ఒంటి మిగిలినా సరే, మిగలకున్నా సరే. ఒకరికే మిగిలితే గొర్రె యాడో తప్పినట్టు."

నాకు ఒళ్ళు మండింది. "అంత సులువు కాదమ్మా" అని బిళ్ళలు డబ్బాలో పోసేశాను. ఇంటికి పోయి సరిచూస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

మా కాలేజీ హాల్లో నా పీహెచ్‌డీ సమీక్ష జరిగిన రోజున అదే సంగతి ఇంగ్లీషులో, సూత్రాలతో చెప్పాను. ఎలా తట్టిందని ఒక పెద్దాయన అడిగాడు. "కృష్ణగిరి బస్సులో, కుందారపల్లి దాటాక" అన్నాను. ఊరి పేరుతో సహా అబద్ధం తడుముకోకుండా వచ్చింది. వెనక నిలబడి ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

అందరూ వెళ్ళాక మైకు వైర్లు చుడుతూ అడిగింది. "ఆ పొద్దు నేను చెప్పింది తప్పా సార్?"

"కొంచెం తప్పమ్మా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తలెత్తి చెప్పుకోలేను.

వారం తర్వాత తనే వచ్చి చెప్పింది. "మీరు తప్పన్నారని మా అమ్మకు చెప్పినాను సార్. జతలు మానేసినాం. ఇప్పుడు ఒక్కొక్కటే లెక్కబెడతా ఉండాం. పొద్దుపోతా ఉంది గానీ, తప్పు రాకుండా ఉంటే చాలు."

సిగ్గుతో చితికిపోయాను.

"మంచిదమ్మా" అన్నాను.