స్తంభాలు ఎక్కడిదాకా వచ్చాయి

నోయిడాలో మేమున్న సొసైటీలో లిఫ్టుకీ, మెట్ల లైట్లకీ పెట్టిన జనరేటర్ మా వంటింటి కిటికీ కిందే ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా దడదడమంటూ మొదలయ్యేది, పొగంతా మా ఇంట్లోకే వచ్చేది. దాన్ని అక్కణ్ణుంచి తీయించాలని పక్కింటి ఆవిడ ప్రతి మీటింగులోనూ గొడవ పెట్టుకునేది. ఒకరోజు మద్దతు కోసం నా దగ్గరికీ వచ్చింది. "రహనే దీజియే దీదీ, ఉండనివ్వండి" అన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది. ఆ మోత వింటే నాకు మా ఆయన పక్కనే ఉన్నట్టుంటుందని ఆవిడకు ఏ భాషలో చెప్పను?

మా ఆయన సర్జన్. గుంటూరు దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకుని, తర్వాత ఢిల్లీలో ఉద్యోగానికి వచ్చారు. ఆ పాత మిషన్ వాళ్లు ఒకసారి కబురు పంపారు. ఆఫ్రికాలో, మలావీలో, ఊళ్లకు దూరంగా వాళ్లకో ఆస్పత్రి ఉంది, ఉన్న డాక్టరు వెళ్లిపోయాడు, కొంతకాలం వచ్చి చూస్తారా అని. ఈయన నన్ను అడిగారు. అడగడమంటే, ఇక్కడి ఆస్పత్రిలో సెలవు మాట్లాడేసుకుని వచ్చి అడిగారు.

"ఎన్నాళ్లు?" అన్నాను.

"అక్కడ కరెంటు లేదు. అందుకే ఏ డాక్టరూ నిలబడట్లేదంట. లైను వేస్తన్నారు. కరెంటొస్తే వస్తానని ఇంకో డాక్టరు మాటిచ్చాడు. ఆయన చేతిలో పెట్టేసి వచ్చేస్తా."

అలా నా కాపురం ఎవరో పాతే కరెంటు స్తంభాల మీద ఆధారపడింది. ఇంత ఢిల్లీలో మొగుడి కోసం స్తంభాలు లెక్కపెట్టుకున్న ఆడది నేనొక్కతెనే అయి ఉంటాను.

ఆస్పత్రికి డీజిల్ ఎక్కడినుంచో లారీలో రావాలి. అందుకని జనరేటర్‌ను మధ్యాహ్నం ఆపరేషన్లప్పుడు మాత్రమే వేసేవారు. మిగతా పొద్దంతా, రాత్రంతా లాంతర్లే. కాన్పుకొచ్చే ఆడవాళ్లు బిడ్డకు గుడ్డలతో పాటు కొవ్వొత్తులు కూడా మూటగట్టుకుని వస్తారని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నేను మా పాపను కన్నప్పుడు మూటలో ఏం పెట్టుకున్నానో గుర్తు చేసుకుంటే, పౌడరు డబ్బా మర్చిపోయిందని మా అమ్మ మీద అలిగిన సంగతి గుర్తొచ్చింది.

ఆస్పత్రి మొత్తానికి ఒకే సెల్‌ఫోన్. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. జనరేటర్ షెడ్డు గోడకున్న ప్లగ్గులో తీగ పెట్టి ఉంచితేనే పలికేది. ఆపరేషన్లు అయ్యాక, జనరేటర్ ఆపే ముందు, ఈయన చేతులు కడుక్కుని పరుగున వచ్చి నాకు ఫోన్ చేసేవారు. అక్కడింకా మధ్యాహ్నం, ఇక్కడ దీపాలు పెట్టే వేళ. నేను కూర తరుగుతూ ల్యాండ్‌లైను పక్కనే కాచుకుని ఉండేదాన్ని.

మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఏం కూర?"

నా మొదటి మాటా ఒకటే. "స్తంభాలు ఎక్కడిదాకా వచ్చాయండీ?"

మిగతాదంతా ఆ మోతలోనే అరుచుకోవాలి. పాప జ్వరం, దాని స్కూలు, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతోందన్న నా ఫిర్యాదు, కడుపులో బిడ్డ అడ్డం తిరిగిన తల్లి బతికిందన్న ఆయన సంబరం. ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కాబట్టి పనికిరాని మాట ఒక్కటీ ఉండేది కాదు. ఎదురుగా ఉన్నన్నాళ్లూ సిగ్గుపడి చెప్పుకోనివి ఆ అరుపుల్లో చెప్పుకున్నాం. "నువ్వు లేకపోతే ఏం బాగోలేదే" అని ఆయన అన్నది అప్పుడే. మోత తగ్గుముఖం పట్టగానే, "ఆపేస్తన్నాడు, ఉంటా" అనేవారు. అంతే, తెగిపోయేది. నేను చేతిలో రిసీవరు పట్టుకుని ఇంకాసేపు నిలబడేదాన్ని.

స్తంభాలు పెద్ద రోడ్డు దాటాయి. వాగు దగ్గర వానలకు ఆగిపోయాయి. ఆ వాగును నేనెంత తిట్టానో! మళ్లీ కదిలాయి, బడి దాటాయి, ఆస్పత్రి గేటు దాకా వచ్చాయి. ఇక వచ్చేసినట్టేనని నేను పండక్కి చేసినట్టు ఇల్లు దులిపితే, ట్రాన్స్‌ఫార్మర్ రాలేదని చల్లగా చెప్పారు. ఆ రోజు ఫోన్‌లోనే ఏడ్చాను.

ఒకరోజు వేళ కాని వేళ ఫోన్ మోగింది. "నేనే" అంది ఒక గొంతు. వెనక జనరేటర్ మోత లేదు.

"ఎవరండీ?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. "మొగుడి గొంతు కూడా మర్చిపోయావా? కరెంటొచ్చిందే! వార్డులోంచి మాట్లాడుతున్నా."

వెనకాల ఆడవాళ్లు పాడుతున్నారు. పట్టపగలు లైట్లన్నీ వెలుగుతున్నాయట, ఆర్పడానికి ఎవరికీ మనసు రావడం లేదట. చెబుతూ చెబుతూ ఆయన ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆయన వాళ్ల కోసం, నేను నా కోసం.

మాటిచ్చినట్టే వచ్చేశారు. చిక్కి సగమయ్యారు. నాన్న వచ్చాడని పాప ఆయన మెడ వదల్లేదు. పాత ఉద్యోగంలో చేరారు, సాయంత్రానికి ఇంటికి వచ్చేవారు. అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. కానీ ఆయన మాట్లాడేవారు కాదు. "ఏమన్నా కావాలా?" అంటే "వద్దు". "ఆస్పత్రి ఎలా ఉంది?" అంటే "బాగుంది". వెనక బాల్కనీలో కుర్చీ వేసుకుని, లైటు కూడా వెయ్యకుండా కూర్చునేవారు. నేనూ తక్కువ తినలేదు. చెప్పాలనుకున్నవి రేపు చెప్పొచ్చులే అనుకునేదాన్ని. తొందరేముంది, మనిషి ఇంట్లోనే ఉన్నాడుగా. అలా రోజులు గడిచాయి. ఇంట్లో ఉన్న మనిషిని పెట్టుకుని, ఫోన్‌లో ఉన్న మనిషి కోసం బెంగ పెట్టుకున్నాను. ఇలాంటి బెంగ ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు.

ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం నేను దొండకాయ వేపుడు పొయ్యి మీద వేశాను. పాప కింద ఆడుకుంటోంది. కరెంటు పోయింది. కిటికీ కింద జనరేటర్ దడదడమంటూ మొదలైంది. ఆ వెంటనే హాల్లో ల్యాండ్‌లైను మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుని పరుగెత్తాను.

"హలో?"

అవతల మోత. నా కిటికీలోనూ మోత. తర్వాత ఆయన గొంతు.

"ఏం కూర?"

వెనక బాల్కనీ తలుపు సందులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. చెవి దగ్గర సెల్‌ఫోన్ ఉంది.

"నేను కావాలని చెయ్యలేదే" అన్నారు, మోతలో వినపడాలని గట్టిగా. "ఆ చప్పుడు వినంగానే చెయ్యి దానంతటదే నొక్కేసింది."

నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయన దగ్గరికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఎప్పటిలా గోడకానుకుని నిలబడ్డాను.

"దొండకాయ" అన్నాను. ఆ తర్వాత నా నోటికీ అలవాటైన మాటే వచ్చింది. "స్తంభాలు ఎక్కడిదాకా వచ్చాయండీ?"

ఆయన వీపు కదిలింది, ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"వాగు దగ్గరే ఆగిపోయాయే" అన్నారు. "నేనింకా రాలేదు."

"నేనున్నాలెండి, ఎదురుచూస్తంటా" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టారు. లాంతరు వెలుగులో ఆయన చేతుల్లో పోయిన ఒక తల్లి గురించి. ఇన్నాళ్లూ ఏ ఫోన్‌లోనూ చెప్పనిది. ఇంకో నెల ముందు కరెంటొచ్చి ఉంటే బతికేదని. నేను ఊఁ కొడుతూ విన్నాను. మధ్యలో కరెంటు వచ్చింది, లైట్లు వెలిగాయి, కింద జనరేటర్ ఆగిపోయింది. ఇక అరవాల్సిన పని లేదు. పొయ్యి మీద దొండకాయ మాడుతున్న వాసన ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. అయినా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.