అందరూ ఇన్‌చార్జీలే

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేయడానికి నేనొక్కడినే చాలునని నాకు గట్టి నమ్మకం. ఆ సంగతి లోకానికే తెలియదు. శాలిబండలో ఒక సేవా సంస్థలో వాలంటీర్లను చూసుకోవడం నా ఉద్యోగం. (పులుల్ని మేపడం ఇంతకన్నా సులువు. వాటికి ఆకలైనా వేస్తుంది.) ఒక ఆదివారం గౌలిపురలో కంటి పరీక్షల క్యాంపు పెట్టాం. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకే ఉంటుంది. తర్వాత ఆమెకు ఉప్పుగూడలో ఇంకో క్యాంపు. ఆ గల్లీల్లో జన్మంతా పాలు పోసిన అవ్వ ఒకామె, చూపు మసకబారి, గిన్నెలో పోయాల్సిన పాలు గడప మీద పోస్తోంది. "నిన్నే మొదలు చూపిస్తా అవ్వా" అని మాటిచ్చాను.

వాలంటీర్లు నిలవాలంటే మర్యాద కావాలని, వచ్చినవాడికల్లా ఒక పదవి ఇచ్చాను. కుర్చీల ఇన్‌చార్జి, నీళ్ల ఇన్‌చార్జి, లైను ఇన్‌చార్జి, ఆఖరికి చెప్పుల ఇన్‌చార్జి కూడా. మెడలో కార్డు పడగానే ఒక్కొక్కడూ నవాబు సాబ్ అయిపోయాడు. క్యాంపు రోజు పొద్దున చూస్తే కుర్చీలన్నీ ఇంకా ట్రాలీ ఆటోలోనే ఉన్నాయి.

"దింపు భాయ్!" అన్నాను.

"నేను ఇన్‌చార్జినన్నా. దింపెటోళ్లను చూపియ్యి, దగ్గరుండి దింపిస్త" అన్నాడు కుర్చీల ఇన్‌చార్జి.

నీళ్లతన్ని బతిమాలితే, "ఆయన కుర్చీలు నేను ముట్టుకుంటే ఫీలైతడన్నా. మొన్న నా క్యాన్ ఎవడో ఎత్తిండని ఎంత లొల్లైంది!" అన్నాడు.

కుర్చీలన్నీ నేనే మోశాను. (నా నడుము ఆ రోజే సగానికి కుంగింది.) మోసి వచ్చి చూద్దును కదా, డాక్టరమ్మ ముందు వరసకట్టింది మా వాలంటీర్లే, కార్డులతో సహా! "పేషెంట్లకు ఎట్ల చూస్తరో మాకు ఎరికుండాలె గదన్నా" అన్నాడు లైను ఇన్‌చార్జి. అందరి కళ్లూ భేషుగ్గా ఉన్నాయని తేల్చేసరికి మధ్యాహ్నమైంది, డాక్టరమ్మ పెట్టె సర్దుకుని ఉప్పుగూడకు వెళ్లిపోయింది. అవ్వ కుర్చీలోనే ఉంది.

"నా వంతు వచ్చిందా బిడ్డా?"



మర్నాడు అవ్వను దవాఖానకు ఎవరు తీసుకెళ్తారని వాట్సాప్ గ్రూపులో అడిగాను. చేతులు జోడించిన బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి, మనిషి రాలేదు. సెలవు పెట్టి నేనే షేర్ ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి పకపకా నవ్వింది.

"నువ్వా బిడ్డా? గొంతు విని ఎవరో పెద్దసారనుకుంటి. ఇంకా మీసం గూడ మొలవకపాయె!"

మీసం తర్వాత బాగానే మొలిచింది, అక్కడక్కడా నెరిసింది కూడా. అద్దంలో ఇప్పుడు అచ్చం పెద్దసారులాగే కనిపిస్తున్నాను. చూసి నవ్వడానికి అవ్వ ఉంటే బాగుండేది.