చేప తిరిగేంత చోటు

బాబాయ్ దగ్గర చేపలు కొన్న మిత్రులకు నమస్తే. మా బాబాయ్ గురించి నాలుగు మాటలు రాయమని మీరు అడిగి నెల దాటింది. రోజూ అనుకోవడం, షాపులోకి ఎవరో రావడం, మానేయడం. ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

ఆ రోజు పొద్దున్నే రాజమండ్రి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్ లేవట్లేదురా" అంది, అంతే. రావులపాలెం నుంచి నేను వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు వేసేశారు.

అక్వేరియం వ్యాపారం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గోల్డ్ ఫిష్ అడిగితే కవర్లో కట్టి ఇచ్చేసేవాడు. రెడ్‌టెయిల్ లాంటి, వేటాడే పెద్ద క్యాట్‌ఫిష్ అడిగితే మాత్రం సుద్దముక్క తీసేవాడు. దాని పిల్ల అరచేతిలో పడుతుంది, పెరిగితే మూడడుగులు దాటుతుంది. ఆ పెరిగిన చేపను షాపు గచ్చు మీద గీసి, చుట్టూ ట్యాంకు గీసేవాడు. "పొడవొక్కటే చూడకండి. తోక ముడుచుకోకుండా వెనక్కి తిరగాలి. వెడల్పు చేప కంటే ఎక్కువుండాలి, పొడవు దానికి మూడింతలు."

"చేప అడిగితే ఇల్లు కొలుస్తున్నారేంటండి?" అని ఒకాయన నవ్వాడు.

"దానికీ ఇల్లు కావాలి కదండీ" అన్నాడు బాబాయ్. ఆ గీతలు చూసి చాలామంది వేలెడంత కూడా పెరగని గప్పీలు కొనుక్కుని వెళ్ళిపోయేవారు.

సొంత షాపు పెట్టాక నాకు అదంతా చాదస్తం అనిపించింది. అరటి మార్కెట్లో పనిచేసే ఒకాయనకు, ఇంట్లో ఉన్నది మూడడుగుల ట్యాంకేనని తెలిసీ రెడ్‌టెయిల్ పిల్లను అమ్మాను. "తర్వాత పెద్దది కొనుక్కోవచ్చులెండి" అన్నాను. రెండేళ్ళకు ఆయన పిలిస్తే వెళ్ళి చూశాను. ముక్కు ఒక అద్దానికి, తోక ఇంకో అద్దానికి ఆనుకుని, ఒంగిపోయి ఉంది.

"మా బావగారి చెరువులో వదిలేస్తానండి" అన్నాడాయన. భయమేసి బాబాయ్‌కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను.

"చెరువులో ఏం పిల్ల వేశారండి?"

"బొచ్చె పిల్లండి."

"మొత్తం మేసేస్తుందండి. మీ బావగారు మీ ఇంటికి భోజనానికొస్తారు, ఇక వెళ్ళరు."

"పోనీ గోదాట్లో?"

"అది మన ఏటి చేప కాదండి. ఉంచండి, నేనొస్తున్నా."

నీళ్ళు నింపిన పెద్ద టబ్బులో పెట్టి, ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాడు. షాపులో ఉన్నవాటిలో పెద్ద ట్యాంకు ఖాళీ చేసి కొన్నాళ్ళు ఉంచాడు. ఈలోగా పెరట్లో బండి పెట్టుకునే షెడ్డులో సిమెంటు తొట్టి కట్టించాడు. పన్నెండడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు. సిమెంటు ఘాటు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి, అప్పుడు వదిలాడు. "బండి ఎండలో, చేప నీడలో" అని పిన్ని దెప్పేది.

నన్ను తిట్టలేదు. ఒక్క మాటన్నాడు. "తర్వాత అని చెప్పి అమ్మకురా. వాళ్ళు మరిచిపోతారు. చేప పెరగడం మరిచిపోదు."

ఆయన పోయిన మూడో రోజుకి గానీ ఆ చేపకు ఎవరూ తిండి వేయలేదని గుర్తు రాలేదు. అది తినేది రొయ్యలు. మైల ఇంట్లోకి రొయ్యలేంటని చుట్టాలు గొణిగారు. పిన్ని తలెత్తి, "దానికేం మైలరా? వెళ్ళి పట్రా" అంది. తెచ్చాక పెరట్లో తనే కూర్చుని ఒలిచింది. ఏడుస్తూనే ఒలిచింది.

ఇప్పుడు పిన్ని కాకినాడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇల్లు అద్దెకిచ్చారు. వచ్చేవాళ్ళకు కారు పెట్టుకోవడానికి ఆ షెడ్డు కావాలట. చేపను కోయించేద్దాం అన్నారొకరు. పిన్ని నా వైపు చూసింది. దాన్ని అమ్మింది నేను. షాపు వెనక గోడౌన్లో సగం ఖాళీ చేసి అదే కొలతతో తొట్టి కట్టించాను. నీళ్ళు మూడుసార్లు మార్చాను, ఇంకోసారి మారిస్తే సరిపోతుంది.

నిన్న మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. నా అడుగుల చప్పుడుకి అది గోడ దగ్గరికొచ్చి, మీసాలు నీళ్ళ మీదికి పెట్టి ఆగింది. బాబాయ్ కాదని తెలిసిందో ఏమో, ఎక్కడా తగలకుండా నెమ్మదిగా వెనక్కి తిరిగి నీడలోకి వెళ్ళిపోయింది. దాన్ని ఎత్తాలంటే నాతో పాటు ఇంకో ముగ్గురు కావాలి. ఆయన చేప అంటే మీరొస్తారని తెలుసు. రాజమండ్రిలో ఎప్పుడు కలుద్దామండి?